నిద్రలేపని క్లీనరు

ఫ్యాక్టరీ గేటు పక్కనున్న కాటా గది మా నాన్నది. బొగ్గు లారీని నిండుగా ఒకసారి, దింపాక ఖాళీగా ఒకసారి తూస్తాడు. ఆ తేడాకే యజమాని డబ్బు కడతాడు. తూచే ముందు డ్రైవరూ క్లీనరూ దిగి తీరాలి. నిద్రపోతున్నవాణ్ణయినా లేపి దించేవాడు. అందుకే ఆయన పేరు గ్రాము.

"గ్రాముగారూ, మీసాలు కూడా తీసి పక్కన పెట్టమంటారా?" అని ఏడిపించేవాళ్ళు డ్రైవర్లు. నాన్న లోపల్లోపల మురిసిపోయేవాడు.

అలాంటి మనిషి నోరు కుట్టేసుకున్నాడు.

ముందు కనిపెట్టింది యార్డు ఊడ్చే ఆవిడ. చినుకు లేని ఎండల్లో బొగ్గు కుప్ప వెనక నేల రోజూ తడిగా ఉంటోంది. లారీ అడుగున ట్యాంకు బిగించి, నీళ్ళతో తూకం వేయించుకుని, లోపలికెళ్ళాక వదిలేస్తున్నారు. నీళ్ళకి బొగ్గు ధర. అందులో మేనేజరుకి వాటా.

"నువ్వూ చూశావుగా అన్నా, చెప్పేద్దాం" అందావిడ.

"చెబుదాంలే" అన్నాడు నాన్న.

యజమాని వచ్చిన రోజు ఆవిడ అందరి ముందూ చెప్పేసింది. ఆయన నాన్న వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవయ్యా. నీ మాట నమ్ముతాను."

నాన్న తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "నేనేం చూళ్ళేదండి."

మర్నాటి నుంచి ఆవిడని గేటు దాటనివ్వలేదు. రావలసిన జీతం కోసం వచ్చి, కాటా గది కిటికీ దగ్గర ఆగిందట. "పిల్లలు గలవాడివి, నువ్వు మాత్రం ఏం చేస్తావులే అన్నా" అందట. నాలుగు తిట్టిపోయినా బాగుండేదన్నాడు నాన్న.

ఆ పిల్లాణ్ణి నేనే. కాలేజీ మానేసి బలాదూరు తిరుగుతున్న నాకు స్టోర్లో ఉద్యోగం ఇస్తానని మేనేజరు మాటిచ్చాడు. ఆ సంగతి, నాన్న ఇస్త్రీ చొక్కా తెచ్చి నా మంచం మీద పెట్టిన రోజు తెలిసింది.

"నేను పోను. ఆవిడ పొట్ట కొట్టి నాకు కూడు పెడతావా?" అన్నాను.

"తండ్రితో మాట్లాడే తీరేనా అది?" అని అమ్మ లేచింది. నాన్న చేత్తోనే ఆపాడు. చొక్కా మడత విప్పి, మళ్ళీ పెట్టి, మెల్లగా అడిగాడు.

"మరి నేనెందుకు నోరు మూసుకున్నట్టురా?"

నేను బయటికి వెళ్ళిపోయాను.

నిన్న కారేజీ ఇవ్వడానికి వెళ్ళాను. కాటా మీద లారీ ఉంది. డ్రైవరు అలవాటుగా దిగి, "దిగానండీ గ్రాముగారూ" అన్నాడు. క్లీనరు మాత్రం క్యాబిన్లో గురక పెడుతున్నాడు. నాన్న వాడి వైపు ఒకసారి చూశాడు. లేపలేదు. తల దించుకుని అలాగే తూచి పంపించాడు.