చైనా రాజు, మా మేస్టారి కుర్చీ

మా ఫ్రెంచి మేస్టారికి కుర్చీలో కూర్చునే యోగం లేదు. తరగతికి ఎవరొచ్చినా లేచి, తన కుర్చీ వాళ్ళకిచ్చేసి నిలబడేవారు. యానాంలో ఫ్రెంచివాళ్ళ ఏలుబడి ముగిసే రోజులవి.

ఒకరోజు మా అమ్మ చేపలమ్మి, తిన్నగా బడికొచ్చింది. నన్ను చదువు మాన్పించి తట్ట మోయడానికి తీసుకుపోవాలని ఆవిడ ఆలోచన. మేస్టారు కుర్చీ చూపించారు.

"వద్దండి, నా కోకంతా నీసు వాసనండి."

"పూర్వం చైనాలో ఓ రాజుండేవాడమ్మా. ఎత్తుగా అరుగు కట్టించి, తన దగ్గరికొచ్చిన పండితుల్ని పిలిచి కూర్చోబెట్టేవాడు. ఆయన పోయాడు, అరుగు మీద గడ్డి మొలిచింది. వెయ్యేళ్ళ తరవాత కూడా కవులు ఆయన్ని తలుచుకుని ఏడ్చారు."

"అంతమందిని ఏడిపించాడా! ఏం రాజండీ?"

తరగతంతా గొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది మేస్టారే. అమ్మ సిగ్గుపడి, కుర్చీ అంచున కూర్చుంది. ఆయన నాచేత ఆ రాజు మీది పద్యం ఫ్రెంచిలో చదివించారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అమ్మ నోరు తెరుచుకుని వింది.

లేచి వెళుతూ గుమ్మం దగ్గర ఆగింది.

"మా పిల్ల ఇంకా ఎన్నేళ్ళు చదవాలండి, మేస్టారూ?"