దిసారి సోంబరు భీమిలి ప్రయాణం

దిసారిని వెంటేసుకుని సముద్రం చూడ్డానికి వెళ్ళకూడదని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదు. పెదబయలుకు పదకొండు కిలోమీటర్లు లోపలున్న ఒక కొండ ఊళ్ళో నాలుగేళ్ళుగా బడి పంతుల్ని నేను. పేరు వెంకటరమణ, మాది విజయనగరం పక్క పల్లె. ప్రతిదానికీ చిర్రెత్తుకొచ్చే మనిషిని. ఆ దిసారి సోంబరుకు కోపమన్నదే రాదు. అందుకే మా ఇద్దరికీ కుదిరిందని మా ఆవిడ నిర్మల అంటుంది.

దిసారి అంటే ఊరికి రోజులు పెట్టేవాడు. విత్తనం ఎప్పుడు జల్లాలో, పెళ్ళి ఏ పూట చెయ్యాలో, కొత్త పంట ఏ రోజున నోట పెట్టాలో పంజి చూసి చెబుతాడు. పంజి అంటే ఒడియా పంచాంగం. సోంబరు దగ్గరున్నది వాళ్ళ నాన్న నలభై ఏళ్ళు చూసి, పక్కన తన లెక్కలు కూడా రాసుకున్నది. దాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి జీపు సీటు కింద పెట్టుకుంటాడు. పొట్టకూటికి జీపు నడుపుతాడు మరి. సంత రోజున జీపు లోపల పదహారు మంది, పైన కోళ్ళ బుట్టలు ఉండగా ఎవరో ఫోన్ చేస్తారు. జీపు పక్కకు తీసి, తన సీట్లోంచి లేచి, పంజి విప్పి, వాళ్ళ దూడకు ముక్కుతాడు వెయ్యడానికి మంచి రోజు చెప్పి మళ్ళీ బండి తీస్తాడు. లోపలివాళ్ళు ఒక్క మాట అనరు. రేపు వాళ్ళకూ ఒక దూడ ఉంటుంది.

అతని చిన్నాన్న కొడుకు బుధు మాత్రం అంటాడు. బుధు దగ్గర సెల్‌ఫోన్‌లో పంచాంగం ఉంది. వేలితో నొక్కితే తిథి, నక్షత్రం, వర్జ్యం, మధ్యలో చీరల ప్రకటన అన్నీ వస్తాయి. ఆ పాత పుస్తకం ఇంకెందుకు, పదవి నాకివ్వమని రెండేళ్ళుగా అడుగుతున్నాడు. సోంబరు నవ్వి ఊరుకునేవాడు. కానీ తండ్రి రాత ఉన్న ఆ పుస్తకం చేతిలోంచి పోతే మనిషి సగమైపోతాడని నాకు తెలుసు.

ఈ ప్రయాణానికి మూలం సోంబరు కూతురు భాను. మూడో తరగతి. నేను బోర్డు మీద సముద్రం గీస్తే, అవతలి గట్టు గియ్యడం మర్చిపోయారు మాస్టారూ అంది. అవతలి గట్టు కనబడదమ్మా అంటే నమ్మలేదు. ఆ ఏడు గుడ్‌ఫ్రైడేకి రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చాయి. సోంబరు, అతని భార్య కనక, భాను, మేమిద్దరం, మా అబ్బాయి మోహన్‌కృష్ణ కలిసి భీమిలి వెళ్ళి మూడు రోజులుండి రావాలనుకున్నాం.

అప్పుడు సోంబరు ఒక షరతు పెట్టాడు. మంగళవారం ఊళ్ళో మామిడి కొత్త. ఆ రోజు దేవుడికి పెట్టేదాకా ఈ ఏటి మామిడికాయ ఊళ్ళో ఎవరూ నోట పెట్టకూడదు. ఊళ్ళో ఉంటున్నాం కాబట్టి మేమూ పెట్టకూడదు. దిసారే ఆ కట్టు తప్పితే మటుకు పంజి చేతులు మారిపోతుంది. మూడు రోజులు మామిడికాయ తినకుండా ఉండడం ఎంత పని అనుకుని నేను దర్జాగా మాటిచ్చాను.

బయల్దేరడానికి ఆరూ పన్నెండుకి మంచి ఘడియ అన్నాడు. మేం అయిదున్నరకే జీపులో కూర్చున్నాం. ఆరింటికి సరిచూద్దామని తాళం తిప్పితే, ఎప్పుడూ నలుగురు తోస్తేగానీ కదలని ఆ జీపు ఒక్క దెబ్బకు స్టార్టయింది. సోంబరు కంగారుపడి ఆపేశాడు. ఆరూ పన్నెండుకి అది కదల్లేదు. నేనూ, నిర్మలా, కనకా, మోహనూ దిగి తోశాం. భాను మాత్రం లోపల కూర్చుని టైము చెప్పింది.

అనంతగిరి ఘాటు దిగి శృంగవరపుకోట చేరేసరికి నా దర్జా దిగిపోయింది. రోడ్డుకి రెండు పక్కలా మామిడికాయలే, రాశులు పోసి ఉన్నాయి. మోహన్ బడ్డీకొట్టు ముందు నిలబడి మామిడి రసం సీసా తాగొచ్చా అని అడిగాడు. తాగొచ్చన్నాడు సోంబరు.

"అది నిరుడుకాయ రసం రా గుంటడా. ఈ ఏటిది ఇంకా పండనేలేదు గదా."

ఆ తీర్పు విని నేనే ఆశ్చర్యపోయాను. అక్కణ్ణించి పిల్లలకు అదే ఆట అయిపోయింది. ఆవకాయ తినొచ్చా అంటే నిరుడుది కాబట్టి తినొచ్చు. మామిడి వాసనొచ్చే చాక్లెట్టుకు, అందులో కాయే లేదు కాబట్టి అభ్యంతరం లేదు. మామిడాకు నమిలితే? నమిలి ఉమ్మెయ్యాలి, మింగితే కుదరదు. మామిడి చెట్టు నీడలో కూర్చుని టిఫిన్ తింటే? దీనికి సోంబరు చాలాసేపు ఆలోచించి, పైనించి పిందె రాలి ఇడ్లీలో పడితే కష్టం అన్నాడు. మేం ఇడ్లీలు జీపులో తిన్నాం.

మధ్యాహ్నానికి భీమిలి చేరి, ఒడ్డుకు దగ్గర్లో రెండు గదులు తీసుకున్నాం. పార్శిలు భోజనాలు తెస్తానని నేను ఒక్కణ్ణీ హోటలుకెళ్ళి, కొంచెం ఆలస్యంగా తిరిగొచ్చాను. ఆ ఆలస్యం సంగతి తర్వాత చెబుతాను.

సముద్రం చూడగానే భాను అవతలి గట్టు కోసం అరచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చాలాసేపు వెతికింది. సోంబరు నీళ్ళలో కాలు పెట్టలేదు. ఇది ఎవరి సముద్రం, దీని పూజారి ఎవరు, అడక్కుండా ఎలా దిగుతాం అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అంతలో ఎర్ర బనీను వేసుకున్న కాపలా మనిషి విజిలేసి అందర్నీ వెనక్కి రమ్మన్నాడు. అందరూ వచ్చేశారు. ఇంతమంది మాట విన్నారంటే పూజారి ఈయనే అని సోంబరుకు రూఢి అయిపోయింది. వెళ్ళి దండం పెట్టి, మేం కొండ మీంచి వచ్చాం, దిగొచ్చా అని అడిగాడు. మోకాళ్ళు దాటి వెళ్ళొద్దన్నాడు ఆయన.

"ఎవులి మోకాళ్ళు బాబూ?"

ఆయన విసుగ్గా, ఎవరి మోకాళ్ళు వాళ్ళవే అన్నాడు. ఇంక అదే శాసనం. సోంబరు ఒక్కొక్కరి మోకాలి కింద ఇసుకతో గీత పెట్టి లోపలికి పంపాడు. భాను మోకాళ్ళు చిన్నవి కాబట్టి ఆ పిల్ల చివరి నురుగులో నిలబడింది. అలొచ్చి గీత చెరిపేసినప్పుడల్లా బయటికొచ్చి మళ్ళీ గీయించుకోవాలి. మేం ముప్పావు గంట సముద్రంలో ఉన్నామంటే, అందులో అరగంట గీతలకే పోయింది.

శనివారం సాయంత్రం నూకరత్నం అనే ఆవిడ తోపుడు బండి మా ముందుకొచ్చింది. పచ్చి మామిడికాయ చెక్కలు కోసి, ఉప్పూ కారం రాసి ఇస్తోంది. భాను బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది. అలా చూడకే గుంటా, తీసుకో అని ఆవిడ ఒక ముక్క చేతికందించింది. భాను చేతులు వెనక్కి పెట్టుకుంది. ఎందుకో మా వాడు చెప్పాడు. ఆవిడకు అర్థం కాలేదు గానీ జాలేసింది. అప్పుడు భాను, ఉప్పుకారం ఒక్కటే ఇస్తారా అని అడిగింది. తీసుకునే ముందు తండ్రి వైపు చూసింది. ఉప్పూ కారం కాయ కాదు కాబట్టి తప్పులేదని సోంబరు తీర్పిచ్చాడు. ఆవిడ కాగితంలో పొట్లం కట్టి ఇస్తే భాను గౌను జేబులో దాచుకుంది. అప్పుడే ఎందుకు తినలేదో నేను పట్టించుకోలేదు.

అది జరిగిన పావుగంటకు నేను ఇంకో బండి మీద, మరమరాల్లో ఉల్లిపాయా కారమూ కలిపిచ్చే మురీ మిక్చర్ కొన్నాను. అందరికీ ఒక్కో పొట్లం. సోంబరు సముద్రం కేసి చూస్తూ, ఇన్ని నీళ్ళున్నా ఒక్క వరి మడి తడవదు గదా మాస్టారూ అని బాధపడుతూ సగం పొట్లం తినేశాడు. భాను తినేముందు తన పొట్లంలో వేలు పెట్టి కలిపి, పచ్చగా, సన్నగా తరిగిన ముక్క ఒకటి తీసి, ఇదేంటి నాన్నా అని అడిగింది.

సోంబరు దవడ ఆగిపోయింది.

మేమంతా మిక్చర్ బండి దగ్గరికి పరుగెత్తాం. ఆ ముక్కలు నిరుడువేమోనని సోంబరు ఆశగా అడిగాడు. బండివాడికి పౌరుషం పొడుచుకొచ్చింది. తన బండి మీద పాత సరుకు ఉండదనీ, పొద్దున చెట్టు మీంచి కోసిన కాయే అనీ, కావాలంటే వాసన చూడమనీ సగం కాయ సోంబరు ముక్కు కింద పెట్టాడు. వాసన చూస్తే కూడా తప్పేనేమోనని సోంబరు రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంత చేసింది నేను. పొట్లం నా చేత్తో ఇచ్చాను. నా మీద నాకే అసహ్యమేసింది.

సోంబరు గబగబా నీళ్ళలోకి నడిచాడు. మోకాలి దగ్గర లెక్కగా ఆగాడు. వంగి, దోసిళ్ళతో ఉప్పునీళ్ళు తాగడం మొదలుపెట్టాడు. కక్కేద్దామని అతని ఉద్దేశం. మనిషి వంగి వంగి లేస్తూ శబ్దాలు చేస్తుంటే ఎర్ర బనీను ఆయన ఒక్క ఉరుకున వచ్చి నడుం పట్టుకుని, మోకాళ్ళ లోతు నీళ్ళలోంచి ప్రాణాలు కాపాడి ఒడ్డున పడేశాడు. జనం చప్పట్లు కొట్టారు, ఫోన్లలో తీశారు. ఎవరో పొట్ట నొక్కారు. నీళ్ళొచ్చాయి. మామిడి ముక్క రాలేదు.

ఆదివారం తిరుగు ప్రయాణమయ్యాం. ఘాటు రోడ్డు ఎక్కుతుండగా కనక అంది, ఊళ్ళో ఎవులికీ తెలీదు, ఊరుకుంటే సరిపోతాదని. నిర్మల కూడా అదే అంది. తెలియక తిన్నది తప్పే కాదని నేను సైన్సు, ధర్మం రెండూ కలిపి ఉపన్యాసం ఇచ్చాను.

"నాకు తెలిసిపోనాది గదా మాస్టారూ," అన్నాడు సోంబరు.

మంగళవారం పొద్దున ఊరంతా దేవుడి రాయి దగ్గర చేరింది. బుట్టలో కాయలున్నాయి, డప్పులు కాచి పెట్టారు. సోంబరు స్నానం చేసి, పంజిని చేటలో పెట్టుకుని వచ్చాడు. చేట నేల మీద పెట్టాడు. అందరికీ వినబడేలా చెప్పాడు.

"శెనివారం సాయంత్రం బీచీలో మామిడి ముక్క తిన్నాను. ఎన్నో నెక్క తెల్దు. పంజి బుధు తీసుకోవాల."

నాకు కళ్ళు చెమర్చాయి. అందరూ బుధు వైపు చూశారు. రెండేళ్ళుగా అడుగుతున్నవాడు అడుగు ముందుకు వేయాలి కదా. బుధు చేట వైపు చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. పది రోజుల కిందట పాడేరు బస్టాండులో తానూ తిన్నానన్నాడు, ఉప్పుకారంతో. తెలిసే తిన్నాడట.

ఊరిపెద్ద అయిన స్వామికి కోపమొచ్చింది. ఇద్దర్నీ తిట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, హుకుంపేట పెళ్ళిలో తనకు వడ్డించిన పులుసులో టెంకొకటి తగిలిందని ఒప్పుకున్నాడు. టెంక మాత్రం పక్కన పెట్టేశాడట. తర్వాత ఇంక ఆగలేదు. తాటాకు పనికి మైదానం వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు నలుగురూ తిన్నారు. కాలేజీ కుర్రాళ్ళు హాస్టల్లో తిన్నారు. పళ్ళు లేని ముసలమ్మ ఒకావిడ, తినలేదు గానీ చీకానంది. డప్పు కొట్టేవాళ్ళు డప్పులు దింపి మరీ చెప్పారు. కనక పాడేరు ఆసుపత్రికి వెళ్ళిన రోజు గురించి చెబుతుంటే సోంబరు నోరు తెరిచి విన్నాడు.

చివరికి చూపులన్నీ నా మీదికొచ్చాయి. శుక్రవారం పార్శిలు తెస్తానని వెళ్ళి, హోటల్లో గోడ వైపు తిరిగి కూర్చుని, మామిడికాయ పప్పుతో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నానని చెప్పాను. అందుకే ఆలస్యమైంది. నిర్మల నన్ను అసహ్యంగా చూసింది. ఆ తర్వాత తనూ తల దించుకుంది.

దేవుడి ముందు కాయ పెట్టడానికి ఒక్క శుభ్రమైన చెయ్యి కావాలి. ఊళ్ళో తినని వాళ్ళెవరని సోంబరు అడిగాడు. కోళ్ళు తప్ప ఎవరూ పలకలేదు. అప్పుడు మా మోహన్ ముందుకొచ్చి, భాను తినలేదన్నాడు. మిక్చర్‌లో ముక్క చూడగానే పొట్లం వదిలేసిందట. దాక్కుని ఒక ముక్క తిందాం రా అని వాడు నూకరత్నం బండి దగ్గరికి రెండుసార్లు లాగినా రాలేదట. వాడు మాత్రం తిన్నాడట.

తిన్నావా అని స్వామి భానుని అడిగాడు. భాను లేదన్నట్టు తలూపింది. తినాలని లేదా అంటే, ఉంది అంది. ఎంత అని అడిగితే రెండు చేతులూ చాపి, అవి చాలక మా బడి వైపు, నేను అవతలి గట్టు లేకుండా సముద్రం గీసిన బోర్డు వైపు చూపించింది.

పంజిలో ఇలాంటిది ఎక్కడా రాసి లేదు. సోంబరు తండ్రి రాసుకున్న లెక్కల్లోనూ లేదు. అయినా అందరూ పక్కకు జరిగి భానుకు దారి ఇచ్చారు. స్వామి పంజి తీసి మళ్ళీ సోంబరు చేతిలోనే పెట్టి, నువ్వు చదువు, గుంట పెడతాది అన్నాడు. బుధు కాయలు కడిగి ఇచ్చాడు. సోంబరు చదువుతుంటే ఎనిమిదేళ్ళ భాను కాయ కోసి, మొదటి ముక్క దేవుడి రాయి మీద పెట్టింది.

పెట్టి, ఆగింది. గౌను జేబులో చెయ్యి పెట్టి ఒక పొట్లం తీసింది. భీమిలిలో నూకరత్నం కట్టిచ్చిన ఉప్పుకారం. మూడు రోజుల నుంచీ ఈ రోజు కోసం దాచుకుంది. ఆ సాయంత్రం తండ్రి వెనక నురుగులోకి పరుగెత్తినప్పుడు కాగితం సముద్రపు నీళ్ళకు తడిసి, ఆరి గట్టిపడింది, సగం ఇసుకే. దాన్ని విప్పి, దేవుడి ముక్క మీద చిటికెడు జల్లింది. ఎవరూ వద్దనలేదు. తన ముక్క మీద కూడా రాసుకుని కళ్ళు మూసుకుని కొరికింది. ఊరంతా ఆ పిల్ల నమలడం చూసింది.

మింగాక ఇంకో ముక్కకు ఉప్పుకారం రాసి తండ్రి నోటి దగ్గర పెట్టింది.

"ఇప్పుడు తిను నాన్నా."

సోంబరు తిన్నాడు. నమలడం అయ్యేదాకా కళ్ళు తుడుచుకోలేదు. తర్వాత మాకూ తలా ఒక ముక్క వచ్చింది. ఇసుక పళ్ళ కింద కరకరలాడుతుంటే అందరం నిలబడి తిన్నాం.