నాన్న గది కిటికీ

ప్లాంటులో మా నాన్నతో పనిచేసినవాళ్ళు ఎప్పుడైనా మా ఇంటికి వస్తే ఆయన్ని తలుచుకుంటారు. తలుచుకుని చివర్లో ఒక మాట అంటారు. అంత జాగ్రత్త మనిషి, ఆఖరికి కిటికీ తీయడం మర్చిపోయాడు అని. ఆ మాట వినగానే నేను కాఫీ వంకతో వంటింట్లోకి వెళ్ళిపోతాను. ఎందుకు వెళ్ళిపోతానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నాన్నది గోదావరి జిల్లా. స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి, కోక్ ఓవెన్స్‌లో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే చేశాడు. బొగ్గుని కాల్చి కోక్ చేసే చోట, ఆ కోక్ మండే చోట కూడా, గ్యాస్ పుడుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు. వచ్చిందని తెలిసేలోపే మనిషి పడిపోతాడు. అందుకే అక్కడ ఎత్తయిన స్తంభాలకి గుడ్డ గొట్టాలు కడతారు, గాలి ఎటు వీస్తోందో చూసుకోవడానికి. గాలి వీపుకి తగలాలి, మొహానికి కాదు. ఈ అలవాటు నాన్నకి ఎంత ఒంటబట్టిందంటే, పెళ్ళి భోజనాల దగ్గర కూడా వంటపొయ్యి ఎటుందో, గాలి ఎటుందో చూసుకుని కుర్చీ తిప్పుకునేవాడు. పెళ్ళికొడుకు మొహం కనబడకపోయినా ఆయనకి పట్టేది కాదు. "నా షిఫ్టులో ఒక్కడు కూడా గ్యాస్‌కి పడలేదు" అన్నది ఆయన దాచుకున్న ఏకైక గొప్ప. అమ్మ పోయాక నా దగ్గరికే వచ్చేశాడు కాబట్టి, ఆ గొప్ప రోజూ నాకే వడ్డించేవాడు.

మా ఇల్లు గాజువాక దాటాక పల్లంలో ఉంది. వీధి చివర గెడ్డ, అంటే మురుగునీళ్ళ వాగు. ఆ ఏడు తుఫాను వానకి గెడ్డ పొంగి ఇంట్లోకి వచ్చింది. మోకాలు దాటిన నీళ్ళు రెండు రోజులు కదల్లేదు. మద్దిలపాలెంలో మా మరిది ఫ్లాటుకి వెళ్ళి తలదాచుకున్నాం.

నీళ్ళు తీశాక మిగిలింది నీళ్ళకన్నా ఘోరం. జారిపోయే నల్లటి బురద, అందులో వీధంతటి చెత్త, చచ్చిన పందికొక్కు ఒకటి. పరుపులు పిండితే గెడ్డ నీళ్ళే. బియ్యం డబ్బా మూత తీస్తే వాంతొచ్చింది. నా బి.ఇడి. సర్టిఫికెట్లు ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టాను. సంతకాలు చెరిగిపోయి కాగితాలు మాత్రం శుభ్రంగా ఆరాయి. నా భర్త పోర్టులో పని. సెలవు దొరికినన్నాళ్ళు బురద ఎత్తి, తర్వాత డ్యూటీకి వెళ్ళక తప్పలేదు. రోజూ పొద్దున్నే నేనూ నాన్నా బస్సెక్కి వచ్చి, పనిచేసి, చీకటి పడకముందే మద్దిలపాలెం తిరిగి వెళ్ళేవాళ్ళం.

ఇల్లు ఎలా ఆరాలో నాన్నకి ఒక పద్ధతుంది. నీటి గీత పైదాకా సిమెంటు చెక్కించాడు. ఫ్యాన్లు పెట్టించాడు. గోడకి ఒక ప్లాస్టిక్ కవరు నాలుగు వైపులా టేపు వేసి అతికించేవాడు. మర్నాడు చూస్తే కవరు లోపల చెమట పట్టినట్టు నీటి చుక్కలు. చుక్కలున్నంతకాలం రంగు వద్దు, కాపురం అసలే వద్దు అనేవాడు. అందరి గదుల్లోకీ ఆయన గదే మొండికేసింది. గెడ్డ వైపు గోడ, తెల్లగా ఉప్పు పొంగుతూనే ఉంది. కిటికీ చెక్క రెక్కలు నీళ్ళు తాగి ఉబ్బి, గడియ పడటం మానేశాయి. సాయంత్రం వెళ్ళేముందు బయట సందులోంచి రెక్కలు నెట్టి, గట్టు మీద ఇటుక అడ్డం పెట్టేవాళ్ళం. పొద్దున్న రాగానే తీసేవాళ్ళం.

నాకు ఓపిక లేదు. ముక్కు మీద కోపం నాకు పుట్టుకతో వచ్చింది, బడిలో పిల్లలకి కూడా తెలుసు. కానీ అప్పటి తొందర కోపం వల్ల కాదు. కూతురి మరిది ఇంట్లో కూర్చుని తినడం నాన్నకి ముళ్ళ మీద కూర్చున్నట్టుండేది. రెండో ముద్దకే చాలమ్మా అని లేచిపోయేవాడు. ఒకరోజు మా తోటికోడలు బాత్రూంలో ఆయన తువ్వాలు తీసి బాల్కనీ చివర ఆరేసింది. మర్నాటినుంచి ఆయన తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుని మా పాడుబడిన కొంపకి వచ్చి స్నానం చేసేవాడు. ఎలాగైనా ఆయన మంచం ఆయన గదిలో వేసెయ్యాలి, నాకు అదొక్కటే ధ్యాస.

అందుకని ఆయన వద్దంటున్నా మేస్త్రీని పిలిచి కిటికీ కింద ప్లాస్టరింగ్ చేయించేశాను. రెండు రోజులు పోయాక, ఆ పొద్దున్న నాన్న పక్క గోడ మీద కవరు ఊడదీసి చుక్కలు చూపించాడు. ఇంకో నెల పడుతుందే అన్నాడు. నేను నోరు పారేసుకున్నాను.

"మాటలతో గోడ ఆరదు నాన్నా. నెలరోజులు ఆ ఇంట్లో నీ సంచి మొయ్యడం నావల్ల కాదు."

సంచి నేను మోసింది ఒక్కనాడూ లేదు. నాన్న కొత్త కవరు తెచ్చి మళ్ళీ గోడకి అతికించాడు. తర్వాత ఫోను తీసి బాబాయ్‌తో మాట్లాడాడు.

బాబాయ్ అంటే నాన్న కింద పనిచేసి రిటైరైన మనిషి. శ్రీకాకుళం వైపు రైతు కుటుంబం. అప్పట్లో ఆటోనగర్‌లో కోక్‌తో ఇనుము కరిగించి పోత పోసే షెడ్డులో పనిచేసేవాడు. నాన్నని గురువుగారు అనేవాడు. గంటలో స్కూటర్ మీద ఒక గోతాం కోక్ తెచ్చి ఇచ్చి, సాయంత్రం వస్తానని వెళ్ళిపోయాడు. నాన్న పాత ఇనప బక్కెట్లకి చిల్లులు పొడిచి కుంపట్లు చేశాడు. బయట రాజేసి, ఎర్రబడ్డాక తన గదిలోకి మోసుకెళ్ళాడు. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. వెనక్కి వచ్చి, వేడి నిలవాలి కాబట్టి తలుపు వేసుకుని కుంపట్లు చూసుకుంటూ లోపల కూర్చుంటాను, కిటికీ జోలికి మాత్రం ఎవరూ రావద్దు అని చెప్పాడు.

విన్నాను. విన్నానని కూడా ఇక్కడ రాయాలి. తల ఎత్తలేదు, ఊఁ అనలేదు.

భోజనాల వేళ దాటాక వాన మళ్ళీ అందుకుంది. గెడ్డ వైపునుంచి ఏటవాలు జల్లు. బట్టలు తీయడానికి సందులోకి పరిగెత్తాను. జల్లు తిన్నగా నాన్న గది కిటికీలోకి కొడుతోంది. నా కొత్త ప్లాస్టరింగ్ మీదుగా నీళ్ళు కారుతున్నాయి. లోపల నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తల వెనకభాగం కనిపించింది, కొంచెం పక్కకి వాలి ఉంది. కునుకు తీస్తున్నాడనుకున్నాను. పిలిస్తే మాట్లాడాలి. పొద్దుటి మాట తర్వాత మొదట మాట్లాడేది నేను కాకూడదని నా పంతం. జల్లు ఆగగానే తీసేద్దాంలే అనుకుని, రెక్కలు రెండూ నెట్టి ఇటుక పెట్టేశాను.

ముందుగదిలోకి కూడా నీళ్ళు వస్తున్నాయి. గోనెపట్టాలు వేసి, తుడిచి, మళ్ళీ తుడిచాను. వాన ఎప్పుడు ఆగిందో గమనించలేదు.

టీ తీసుకుని వెళ్ళి తలుపు తోశాను. సెగ మొహానికి కొట్టింది. నాన్న కుర్చీలోనే ఉన్నాడు. మొహం ఎర్రగా, అమ్మ బతికున్న రోజుల్లో ఉన్నంత ఆరోగ్యంగా ఉంది. ఆ గ్యాస్ పీల్చిన మొహం అలాగే ఉంటుందని తర్వాత తెలిసింది. పిలిస్తే పలకలేదు. నేను అరిచిన అరుపుకి, అప్పుడే గేటు దగ్గర స్కూటర్ ఆపుతున్న బాబాయ్ పరిగెత్తుకొచ్చాడు. నన్ను రెక్క పట్టి వెనక్కి లాగి, గదిలోకి అడుగెట్టొద్దని చెప్పి, సందులోకి వెళ్ళాడు. కిటికీ రెక్కలు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళి నాన్నని వరండాలోకి ఈడ్చుకొచ్చాడు. ఆస్పత్రిలో చూసి, ఎప్పుడో పోయాడన్నారు.

పోలీసులు వచ్చి అడిగారు. బాబాయే చెప్పాడు, ముసలాయన కిటికీ తీయడం మర్చిపోయి కుంపటి పెట్టుకున్నాడని. వీధికి అదే చెప్పాడు. పదోరోజుకి వచ్చిన ప్లాంటు వాళ్ళందరికీ అదే చెప్పాడు. ఒకాయన, ముప్పయ్యేళ్ళు మాకు గాలి చూసుకోమని చెప్పిన మనిషి అన్నాడు, ఇంకొకాయన వయసులే అన్నాడు. నాన్న దాచుకున్న గొప్ప మా వరండాలో అలా పోయింది. నేను గ్లాసులు అందిస్తూ నిలబడ్డాను.

కార్యక్రమాలు అయ్యాక ఆ గది ఊడవడానికి వెళ్ళాను. నాన్న అతికించిన ఆఖరి కవరు గోడకి అలాగే ఉంది. దగ్గరికి వెళ్ళి చూశాను. లోపల ఒక్క చుక్క లేదు.

ఏడాది తిరిగింది. ఇంటికి రంగులు వేయించాం. నాన్న సంవత్సరీకానికి ప్లాంటు వాళ్ళని పిలిచాను. అందరూ రాకముందే బాబాయ్ వచ్చి పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే, దగ్గరికి వెళ్ళి చెప్పేశాను.

"కిటికీ మూసింది నేను బాబాయ్."

ఆయన చెంబు కింద పెట్టాడు. నా మొహం చూడలేదు.

"తెల్సమ్మా. గురువుగారి కుర్సీ సూసినాను కదా. కిటికీకి వీపెట్టి కూకున్నారు. మూసున్న కిటికీకి ఆయన వీపెడతారేటి? ఇటిక కూడా నానే తీసి గెడ్డలో ఇసిరీసినాను. ఆ పోలీసోలు సూసి నిన్నేటి అడుగుతారో అని."

మరి ఆయన మర్చిపోయాడని అందరికీ ఎందుకు చెప్పావని అడిగాను.

"ఎవులో ఒకలి మీదికి పోవాల కదమ్మా అది. ఆయన మీదికే తోసీసినాను. ఆయనుంటే అలగే సెప్పమనీవోరు. నువ్వు మాత్రం నోరిప్పకు."

ఆ మధ్యాహ్నం ఆరిన హాల్లో విస్తళ్ళ ముందు కూర్చుని వాళ్ళు మళ్ళీ నాన్న గురించి మాట్లాడుకున్నారు. మళ్ళీ చివర్లో ఆ మాట వచ్చింది. బాబాయ్ తల వంచుకుని అన్నం కలుపుకుంటున్నాడు. నేను పెరుగు వంకతో వంటింట్లోకి వెళ్ళి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. ఆయన కింద పనిచేసినవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. కిందటి నెల బాబాయ్ కూడా పోయాడు. ఇంక నన్ను కాపాడాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఆ రోజు మా నాన్న తలుపు వేసి, కిటికీ తీసి, కుర్చీ తిప్పుకుని, గాలి వీపుకి తగిలేలా కూర్చున్నాడు. ఆయన ఏదీ మర్చిపోలేదు. ఇటుక నేను పెట్టాను.