పాసైన మేకలు

ఈ మధ్య కోరుట్ల బస్సులో నా పక్కన ఒకామె ఒళ్లో మేకపిల్లను పడుకోబెట్టుకుని కూర్చుంది. ఆ పాలవాసనకు కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. జగిత్యాల దగ్గరి వ్యవసాయ కాలేజీ పశువుల ఫారం మెల్లగా కళ్లముందుకొచ్చింది.

నా చిన్నప్పుడు అమ్మ అక్కడ మేకల కొట్టంలో కూలిపని చేసేది. బడి లేని రోజుల్లో నేనూ వెంట వెళ్లేదాన్ని. మేకల చెవులకు పసుపుపచ్చని నంబరు బిళ్లలుండేవి. కాలేజీలో ఉన్నాయి కాబట్టి అవీ చదువుకుంటున్నాయనుకున్నాను. సార్లు వాటిని కాంటా మీద నిలబెట్టి తూచడమే పరీక్ష అనుకున్నాను. బాగా బరువెక్కినవాటిని వ్యాను వచ్చి తీసుకెళ్లేది.

"యాడికి పోతున్నయమ్మా?" అని అడిగాను.

"పాసైనయ్ బిడ్డా. పెద్ద కాలేజీకి పోతున్నయ్" అంది అమ్మ.

నాకిష్టమైన ఎర్ర మేకపోతు కూడా పాసవ్వాలని దానికి సుబాబుల్ రెమ్మలు తినిపించేదాన్ని. పైరేకుల సందుల్లోంచి ఎండ జల్లెడ పట్టినట్టు రాలుతుంటే, అది కళ్లు అరమోడ్చి నా అరచేతిలోంచి నమిలేది. ఒకరోజు దాన్నీ వ్యాను ఎక్కించారు. నేను చప్పట్లు కొట్టాను.

"నేను గూడ మంచిగ తిని గా పెద్ద కాలేజీకే పోతనమ్మా!"

నీళ్లతొట్టి కడుగుతున్న అమ్మ ఉలిక్కిపడి, తడిచేతులతోనే నన్ను దగ్గరికి లాక్కుంది. "గట్లనకు బిడ్డా. నువ్వు నా కాడనే ఉండు."

రోజూ చదువుకోమని వెంటపడే అమ్మ అలా ఎందుకందో నాకు అర్థం కాలేదు. ఆ వ్యాను మాంసం దుకాణాలకు పోయేదని చాలా కాలానికి తెలిసింది. మేకల గురించి నాకంత తేలిగ్గా కథ చెప్పిన అమ్మ, ఆటకైనా నన్ను ఆ కథలోకి పోనివ్వలేకపోయింది.