తీగ లేని ఎర్ర బటన్

తీగే లేని స్విచ్చి నొక్కితే మీ ఇంట్లో లైటు వెలిగిందనుకోండి. ముందు ఎవరిని పిలుస్తారు, ఎలక్ట్రీషియన్‌నా, పూజారినా?

నేనైతే ఎలక్ట్రీషియన్‌నే పిలుస్తాను. దయ్యాలూ మహిమలూ మనిషి భయంలోంచి పుట్టినవేనని తెనాలి సభల్లో ఏళ్ల తరబడి వాదించినవాణ్ణి. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోవడం లేదు. జరిగింది మాత్రం చెబుతాను.

పాత వీడియో గేమ్ కంట్రోలర్లలో చచ్చిపోయిన బోర్డు తీసేసి, ఇప్పటి కంప్యూటర్లతో పనిచేసే కొత్త బోర్డు తయారుచేసి పెట్టడం నా పని. బోర్డు డిజైన్‌నూ, అందులోని ప్రోగ్రామునూ ఎవరైనా వాడుకునేలా ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడతాను. దాచిన చోటే మోసం పెరుగుతుంది.

రేపల్లెలో పడవ ఇంజన్లు బాగుచేసే వెంకటేశ్వర్లుకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మందులు మింగుతున్నాడు గానీ వ్యాయామం అంటే విసుక్కుంటున్నాడు. చిన్నప్పుడు ఆయన ఆడుకున్న కంట్రోలర్‌ను భార్య కోటేశ్వరి నా దగ్గరికి తెచ్చింది. ఆట మీద ఆశతోనైనా చెయ్యి కదుపుతాడని ఆమె ఆశ.

అది కారు ఆట. కారు నడపడం, తిప్పడం అంతా ఎడమచేతికే వచ్చేలా బోర్డు గీశాను. కుడి బొటనవేలి కింద ఉండే ఎర్ర బటన్ హారన్‌ది. అది లేకపోయినా ఆట నడుస్తుంది కనుక దానికి తీగ ఇవ్వలేదు. ప్రోగ్రాములో కూడా దాన్ని ఎప్పటికీ నొక్కనట్టే రాశాను. వేలు కదిలిన రోజున కలుపుదామనుకున్నాను. ఈ సంగతి వాళ్లకు చెప్పలేదు. ఆ బటన్ నొక్కే ప్రయత్నం మాత్రం రోజూ చేయించమన్నాను.

కొన్ని వారాల తర్వాత కోటేశ్వరి ఫోన్ చేసింది. హారన్ మోగుతోందంది.

రేపల్లె రైలెక్కాను. వెళ్లేసరికి కంట్రోలర్ నిండా పసుపూ కుంకుమా.

"కొత్త సామాను కదండి, బొట్టు పెట్టకుండా వాడతామా ఏంటి?" అంది కోటేశ్వరి.

నాకు నవ్వొచ్చింది. తడి పసుపు లోపలికి దిగి బోర్డు మీద కరెంటుకు లేని దారి వేసి, చిప్‌ను కూడా తికమక పెట్టిందన్నమాట! విప్పి, స్పిరిట్‌తో శుభ్రంగా కడిగాను. ఎర్ర బటన్ నొక్కితే బోర్డుకు తగిలే రబ్బరు కూడా తీసేశాను. వెంకటేశ్వర్లు బొటనవేలిని దాని మీద పెట్టాం. ఆ వేలు మీది నుంచి నేను చూపు తిప్పలేదు. వేలు కదల్లేదు.

హారన్ మోగింది.

"నేనే," అన్నాడాయన, సగం మూతితో నవ్వుతూ.

కేబుల్ మార్చాను. చిప్ మార్చాను. పక్కింటి వాళ్ల కంప్యూటర్ తెప్పించాను. నేను నొక్కితే మోగలేదు, కోటేశ్వరి నొక్కినా మోగలేదు. ఆయన వేలి కింద మళ్లీ మోగింది.

బాపట్ల నుంచి వచ్చిన కోటేశ్వరి తమ్ముడు సాంబయ్య గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్నాడు. లోపలికొచ్చి బావ మాత్రల డబ్బా చేతిలోకి తీసుకున్నాడు.

"మహిమ కాకపోతే ఏంటి సార్ ఇది? ఇంకా ఈ మందులెందుకండి? ఆపేసి బావని మా ఊరి స్వామి దగ్గరికి తీసుకెళ్తా."

లూజు కనెక్షన్ అని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. కానీ అబద్ధంతో మూఢనమ్మకాన్ని ఆపితే, నాకూ ఆ స్వామికీ తేడా ఏముంటుంది?

"నాకు తెలియదు," అన్నాను.

సాంబయ్య అక్క వైపు తిరిగి, "విన్నావా?" అన్నాడు.

"విన్నాన్రా. విప్పి చూసినాయనకే తెలీనిది, విప్పకుండానే మీ స్వామికి ఎట్టా తెలుస్తుందిరా? ముందు ఆ మాత్రల డబ్బా ఇటివ్వు."

సాంబయ్య డబ్బా ఇచ్చాడు గానీ పట్టు వదల్లేదు. "సరే అక్కా, సార్ కారణం చెప్పేదాకా ఆగుతా. ఇంకో నెల చూసి, అప్పటికీ చెప్పకపోతే మాత్రం బావని కారెక్కిస్తా."

ఆ నెల సగం గడిచింది. నాకు కారణం దొరకలేదు. నా బోర్డుకూ చచ్చుబడిన ఒక వేలికీ మధ్య ఏం నడిచిందో నేను ఇవాళ్టికీ చెప్పలేను. తెలియనిదానికి దేవుడి పేరో దయ్యం పేరో పెట్టడానికీ ఒప్పుకోను.

డిజైన్, ప్రోగ్రాము ఒక్క గీత మార్చకుండా అందరికీ అందుబాటులో ఉంచాను. సోల్డరింగ్ ఐరన్ పట్టిన చెయ్యి మీదైతే ఇది చదివి ఆశ్చర్యపోతూ కూర్చోకండి. ఆ బోర్డు తయారుచేయండి. నా తప్పెక్కడుందో పట్టుకోండి. సాంబయ్య కారు మాట్లాడకముందే పట్టుకోండి.