పొద్దున ఊగి, ఎండెక్కాక మానే చక్రం: ఆర్.కె. పురం నుంచి దమ్‌దమా దాకా

ఈ జనవరిలో ఒక ఆదివారం, మా మోటారు సైకిలు ముందు చక్రం ఎందుకు ఊగుతోందో కనిపెట్టడానికి నేనూ మా అమ్మాయి హారికా ఢిల్లీ నుంచి హర్యానాలోని దమ్‌దమా చెరువు దాకా వెళ్ళివచ్చాం. చలికాలంలో ఒక్క పూట ఊరి బయటికి బండి మీద వెళ్ళాలనుకునేవాళ్ళకి ఈ దారి బాగుంటుంది. బండికి ఇలాంటి జబ్బే ఉన్నవాళ్ళకైతే ఇంకా పనికొస్తుంది. ఖర్చులు రోజూ రాసుకునే మనిషిని కాబట్టి అవి కూడా చెబుతాను.

మాది ఎనిమిదేళ్ళ పాత నూట యాభై సీసీ బండి. ఆర్.కె. పురంలో ప్రభుత్వ క్వార్టర్‌లో ఉంటాం, నా ఆఫీసుకి రోజూ దాని మీదే వెళతాను. చలి మొదలైనప్పటి నుంచి పొద్దున వేగం యాభై దాటగానే హ్యాండిల్ జల్లెడ పట్టినట్టు అటూ ఇటూ ఆడేది. సాయంత్రం ట్రాఫిక్‌లో యాభై అందుకోవడమే ఉండదు కనుక అప్పుడు ఊగుతుందో లేదో తెలియదు. మార్కెట్లో మెకానిక్ దుకాణం తెరిచేసరికి పదకొండవుతుంది. అతను నడిపి చూసి రెండుసార్లూ "అంకల్‌జీ, గాడీ మక్ఖన్ హై" అన్నాడు. బండి వెన్నలా ఉందట. నేను ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు, పుస్తకాలూ వీడియోలూ చూసి విప్పడం, బిగించడం అలవాటు చేసుకున్నాను. హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగుల జతని, అంటే కోన్‌సెట్‌ని, విప్పి కొత్తది వేశాను. చక్రం బేరింగులూ మార్చాను. అన్నీ కలిపి వెయ్యీ నూట నలభై రూపాయలు. మర్నాడు పొద్దున మళ్ళీ అదే ఊపు. మా ఆవిడ కాఫీ ఇస్తూ "ఊగేది బండో, మీ చేతులో ముందు తేల్చుకోండి" అంది.

తేల్చుకోవలసిన అవసరం హారిక వల్ల వచ్చింది. దానికి గురుగ్రామ్‌లో ఒక కంపెనీలో ట్రెయినీ ఉద్యోగం దొరికింది. సోమవారం చేరాలి. ఆఫీసు క్యాబ్ పర్మినెంట్ వాళ్ళకే. మెట్రో ఒకచోట మారి, దిగాక షేర్ ఆటో పట్టుకుని, చివర కొంత నడవాలి. డిసెంబరులో లైసెన్సు వచ్చిన దగ్గర్నుంచి బండి మీద వెళతానని పట్టు. నేను ఒక్కటే మాట చెప్పాను: ఎందుకు ఊగుతోందో తెలిసేదాకా తాళం ఇవ్వను. యాభైలో ఊగేది డెబ్భైలో ఏం చేస్తుందో ఎవరికి తెలుసు? "తెలియకపోతే?" అంది. "మెట్రో కార్డు ఉందిగా" అన్నాను. రెండు రోజులు నాతో హిందీలోనే మాట్లాడింది. కోపం వస్తే దానికి తెలుగు రాదు.

ఊళ్ళో నాలుగు వీధులు తిరిగితే ఈ రోగం పట్టుబడదని అర్థమైంది. రాత్రంతా చలిలో నిలబెట్టిన బండిని దూరం నడపాలి, ఆపాలి, మళ్ళీ నడపాలి. అందుకని దమ్‌దమా అనుకున్నాం. ఏడుంబావుకి బయలుదేరాలనుకుని, మంచు పలచబడేదాకా ఆగి, ఏడూ నలభైకి బయలుదేరాం. పెట్రోలు మూడు వందలకి కొట్టించాను. నేను నడుపుతున్నాను, హారిక వెనక కూర్చుంది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి యాభై అందుకోగానే చేతుల్లో ఊపు మొదలైంది.

"నాన్నా, హిల్ రహా హై! ఊపు నాకు సీటులో కూడా తెలుస్తోంది."

"భయమా?"

"నాకేం భయం? మీరు గట్టిగా పట్టుకోండి."

అరబిందో మార్గ్, మెహ్రౌలీ, అక్కడి నుంచి గురుగ్రామ్ వెళ్ళే ఎం.జి. రోడ్డు. మెట్రో స్తంభాల పక్కనే సాగే దారి ఇది. ఘిటోర్నీ వచ్చేసరికి ఊపు తగ్గింది, ఇంకాస్త ముందుకెళితే పూర్తిగా పోయింది. రోడ్డు మారినందువల్లేమో అని అనుమానం వచ్చి బండి వెనక్కి తిప్పాను. మెహ్రౌలీ దాకా వెళ్ళి, అదే రోడ్డు మీద అదే వేగంతో మళ్ళీ వచ్చాను. చక్రం గీత గీసినట్టు పోయింది. హారిక నా భుజం మీద తట్టి "ఇప్పుడు ఇంకోసారి వెళ్దామా? దమ్‌దమాకి పక్షులు చూడ్డానికి వెళ్తారు జనం, మనం ఘిటోర్నీ చూడ్డానికి వచ్చాం" అంది. మాటలు తెలుగులోకి వచ్చినందుకు సంతోషించాను. ముప్పావుగంట పోయింది కానీ ఒక సంగతి తేలింది. లోపం రోడ్డులో లేదు, వేగంలోనూ లేదు. బండి వేడెక్కే కొద్దీ మారేది ఏదో ఉంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టాల్లో ఆయిల్ చలికి చిక్కబడుతోందేమో అనుకున్నాను.

గురుగ్రామ్ దాటడానికి సోహ్నా రోడ్డు పట్టుకోవాలి. మేము పైవంతెన ఎక్కకుండా కింది రోడ్డునే వెళ్ళాం. పది దాటాక సోహ్నా చేరి, ఊరి మొదట్లో ఒక ఢాబా ముందు ఆగాం. ఆలూ పరాఠా అరవై, టీ ఇరవై. వండేది ఒక పెద్దావిడ, అందరూ తాయీ, అంటే పెద్దమ్మ, అని పిలుస్తున్నారు. పరాఠాలు చెప్పి, బండిని సెంటర్ స్టాండు వేశాను. హారిక సీటు చివరికి జరిగి కూర్చుంటే ముందు చక్రం గాల్లోకి లేచింది. ఫోర్కులు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగి చూశాను, టకటక లేదు. చక్రాన్ని పక్కలకి ఊపి చూశాను, వదులు లేదు. తిప్పి రిమ్ము వంకర చూశాను, అదీ లేదు.

"అంకల్‌జీ, పరాఠా ఠండా హో రహా హై. పహియా కహీఁ భాగ్ నహీఁ రహా" అని పెనం దగ్గర్నుంచి తాయీ కేకేసింది. చక్రం ఎక్కడికీ పారిపోదు, పరాఠా చల్లారుతోంది అని ఆవిడ బాధ.

చక్రం ఎక్కడ ఆగుతోందో గుర్తుపట్టడానికి చాక్‌పీసు లాంటిది ఏమైనా ఉందా అని అడిగాను. ఆవిడ కలిపిన గోధుమపిండి చిటికెడు తీసి ఇచ్చింది. దాన్ని గాలి కొట్టే వాల్వు పక్కన రిమ్ముకి అంటించాను.

"మద్రాసీ లోగ్ పహియే కో భీ ఖిలాతే హైఁ క్యా?" అంది తాయీ, చక్రానికి కూడా తినిపిస్తారా అని. ఢిల్లీ చుట్టుపక్కల మనం ఏ ఊరివాళ్ళమైనా మద్రాసీలమే.

హారిక సీటు మీద నుంచే జవాబిచ్చింది. "హాఁ తాయీ. పహలే పహియా, ఫిర్ పాపా." ముందు చక్రానికి, తర్వాత నాన్నకట.

చక్రం మెల్లగా తిప్పి వదిలాను. పిండి ఒకసారి పైన ఆగింది, ఒకసారి పక్కన, ఒకసారి కింద. అందులో నాకేమీ కనపడలేదు. చల్లారిన పరాఠా తిన్నాను. వేడిగా తింటే ఇంకా బాగుండేదని రాయడం న్యాయం.

దమ్‌దమా అక్కడికి దగ్గరే. చివరి దారి అరావళీ గుట్టల మధ్య నుంచి పోతుంది, ఆవాల చేలు పచ్చగా పూసి ఉన్నాయి. ఈసారి చెరువులో నీళ్ళు తక్కువగా ఉన్నాయి. నీళ్ళ కోసం వచ్చేవాళ్ళు ముందు కనుక్కుని రావడం మంచిది. బండిని ఒక గోడ నీడలో ఆపి గట్టు మీద చాలాసేపు నడిచాం. నేను ఫోర్కు ఆయిల్ గురించి చెబుతున్నాను. హారిక వింటున్నట్టే ఉంది కానీ ఫోన్‌లో సోమవారం మెట్రో వేళలు చూస్తోంది.

తిరిగి వచ్చేసరికి బండి చల్లబడి ఉంది. చలిలో ఫోర్కు బిగుసుకుంటుందేమో చూద్దామని మళ్ళీ స్టాండు వేసి, హారికని వెనక కూర్చోమన్నాను. చక్రం లేచింది. నేను ఇంకా చెయ్యి వెయ్యనేలేదు. చక్రం తనంతట తానే కొంచెం తిరిగి, వెనక్కి వచ్చి, ఉయ్యాల ఆగినట్టు ఆగింది. పిండి ముద్ద పైన ఉంది. తిప్పి వదిలాను. మళ్ళీ పిండి పైనే. అటువైపు తిప్పాను. పిండి పైకే వచ్చింది. ఢాబా దగ్గర ఒక్కోసారి ఒక్కోచోట ఆగిన చక్రం ఇప్పుడు ఒక్కచోటే ఆగుతోంది. వాల్వుకి ఎదురుగా, కిందివైపు ఏదో బరువుంది. అది ఇందాక లేదు.

"లోపల ఏదో ఉంది" అన్నాను. "ఆగినప్పుడు అడుక్కి చేరుతోంది, తిరిగి వేడెక్కితే పరుచుకుంటోంది. గాలితోపాటు నీళ్ళు పోయాయా?"

హారిక సీటు దిగింది. చక్రం ధబ్బున నేల మీద పడింది.

"నాన్నా, వో... జెల్ అయి ఉంటుంది."

"ఏం జెల్?"

"పంచర్ జెల్. నవంబరులో." జరిగింది ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. నేను ఆఫీసు బస్సులో వెళ్ళిన ఒక రోజున బండి తీసి మునిర్కా దాకా వెళ్ళింది. అప్పటికి లెర్నర్ లైసెన్సే. ముందు చక్రంలో మేకు దిగింది. అక్కడి పంచర్ అతను మేకు తీసి, "దీదీ, యే డాల్ దో, టెన్షన్ ఖతమ్" అని, అది వేస్తే ఇక బెంగ ఉండదని, ఒక సీసా మొత్తం వాల్వులోంచి పోసేశాడు. ట్యూబు లేని టైర్లలో చిన్న చిన్న చిల్లులు వాటంతటవే మూసుకుపోవడానికి పోసే జిగురు మందు అది.

"నేను కోన్‌సెట్ విప్పుతుంటే పక్కనే ఉన్నావుగా. స్పానర్ అందించావు."

"జెల్ వల్ల ఊగుతుందని నాకు తెలీదు నాన్నా, కసమ్ సే, ఒట్టు. పంచర్ సంగతి చెప్తే తాళం పోతుందని మాత్రం తెలుసు." ఆపైన తనే అంది, "ఇప్పుడు పోయింది కదా."

వంగి రిమ్ము మీది పిండిని గోటితో గీకేశాను. తర్వాత అడిగాను, "ముందు చక్రానికేనా, వెనకదానికి కూడా పోశాడా?"

"ముందుదానికే." నా మొహంలోకి చూసింది. "బస్? ఇంతేనా అడిగేది?"

"కోపం ఇంటికెళ్ళాక. ముందు టైరు సంగతి చూద్దాం."

సోహ్నాలో పంచర్ షాపు దొరికింది. తిరిగి వెళ్ళేటప్పుడు చక్రం మొదట ఊగి, షాపు చేరేలోపే తగ్గింది. ఇప్పుడు ఎందుకో తెలుసు కనుక ఆ ఊపు భయపెట్టలేదు. టైరు విప్పితే లోపల ఆకుపచ్చ ముద్ద, మిగిలిపోయిన తోటకూర పులుసులా ఉంది. షాపు మనిషి వేలితో తీసి చూసి, "ఇది కారు టైరుకి సరిపడే సీసా. బండికి ఎవడు పోశాడు?" అని హిందీలో తిట్టాడు. హారిక అటు తిరిగి ఆవాల చేను చూడసాగింది. కడిగి, పాత చిల్లుకి లోపలి నుంచి ప్యాచ్ వేసి, టైరు ఎక్కించినందుకు రెండు వందల యాభై తీసుకున్నాడు. నాలుగింటికి ఇల్లు చేరాం. నేనేమీ చెప్పలేదు. హారికే వంటింట్లోకి వెళ్ళి వాళ్ళమ్మకి అంతా చెప్పింది. లోపలి నుంచి చాలాసేపు ఒక్క గొంతే వినిపించింది, అది హారికది కాదు.

అయితే చల్లటి బండిని నడిపితే గానీ రోగం కుదిరిందో లేదో తెలియదు. సోమవారం పొద్దున తాళం హారిక చేతికిచ్చి నేను వెనక కూర్చున్నాను. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కింది. యాభై. యాభై అయిదు. హ్యాండిల్ కదల్లేదు. హారిక భుజాలు ముందు బిగుసుకుని ఉన్నవి అరబిందో మార్గ్ దాకా వచ్చేసరికి వదులయ్యాయి. మలుపుల దగ్గర అద్దం చూస్తోంది, ఎర్ర లైటు దూరం నుంచే వేగం తగ్గిస్తోంది. మునిర్కా దాకా దొంగతనంగా నేర్చుకున్నా, బాగానే నేర్చుకుంది. మెహ్రౌలీ బస్ స్టాప్ దగ్గర ఆపమన్నాను.

"ఏమైంది? ఊగిందా?"

"లేదు. నేను ఇక్కడ దిగుతాను."

"మీ ఆఫీసు?"

"బస్సుంది. నువ్వు వెళ్ళు, చేరాక ఫోన్ చెయ్యి." అది గేరు వేస్తుండగా ఇంకో మాట అన్నాను. "పంచరైనా ఫోన్ చెయ్యి."

తల ఊపి వెళ్ళిపోయింది. బస్సు టికెట్టు పదిహేను రూపాయలు.

ఆ చక్రం గురించి నేను చాలా వారాలు వెతికాను. విప్పగలిగిన ప్రతిదీ విప్పాను. ఇంట్లో ఇంకెవరైనా ఆ బండి తీశారా అని మాత్రం ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే హారిక ఆ రోజు చెప్పేదా అంటే, చెప్పేది కాదనే అనుకుంటాను. చెబితే ఏం పోతుందో దానికి బాగా తెలుసు. ఒక వస్తువు చరిత్ర దాన్ని వాడినవాళ్ళందరి దగ్గరా తలో ముక్క ఉంటుంది. ఆ ముక్కలు మన దాకా రావాలంటే, చెప్పినవాళ్ళకి చెప్పినందుకే నష్టం రాకూడదు. ఇక మీ కోసం ఒక సలహా: పొద్దున పూట మాత్రమే ముందు చక్రం ఊగుతుంటే, బేరింగులకి డబ్బు పెట్టేముందు, బండి కదపకుండానే సెంటర్ స్టాండు వేసి, వెనక ఒకరిని కూర్చోబెట్టి, చక్రాన్ని మెల్లగా తిప్పి వదలండి. ప్రతిసారీ ఒకే చోటు కిందికి వస్తే టైరు విప్పించి లోపల చూడండి.