ఏడో ఫైలు

మొన్న ఒక బస్టాండులో, టికెట్ల కిటికీ వెనక నుంచి పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కర్రుమంది. క్యూలో జనం చెవులు మూసుకున్నారు. నేను మాత్రం నిటారుగా నిలబడ్డాను. ఆ చప్పుడు వింటే యాకూబ్ సార్ పక్క గదిలోనే ఉన్నట్టనిపిస్తుంది. నేనేదో తప్పు చేసినట్టు కూడా అనిపిస్తుంది. ఈ రెండోది సాధారణంగా నిజమే.

అవి రెండు వేల సంవత్సరం తర్వాతి ఏళ్లు. భద్రాచలం దగ్గర అడవి ఊళ్లకు మలేరియా మందులు పంచే ఒక చిన్న సంస్థలో నేను కంప్యూటర్ ఆపరేటర్ని. యాకూబ్ సార్ అక్కడ రక్త పరీక్షలు చేసే పెద్దమనిషి. యాభై దాటాక, ఒక్క పుస్తకం ముందేసుకుని కంప్యూటర్‌కు పని చెప్పే స్క్రిప్టులు రాయడం నేర్చుకున్నాడు. వైరా నుంచి డిప్లొమా పట్టుకుని వచ్చిన నేను ఆయనకు నాలుగు ముక్కలు నేర్పుదామనుకున్నాను. ఆ ఆశ మొదటిరోజు భోజనాల వేళ దాకా నిలిచింది.

ఏడు ఊళ్లకు ఏడు స్క్రిప్టులు. రోగి వయసు కొడితే ఎన్ని బిళ్లలు వేయాలో అలాంటి కర్రుమనే ప్రింటర్ మీద చీటీ అచ్చయ్యేది. ఆ లెక్క తేల్చే కోడ్ ముక్క, అంటే ఫంక్షన్, అన్ని ఊళ్లకూ ఒకటే. దాన్ని నేను ఏడు ఫైళ్లలోనూ కాపీ చేసి అతికించాను, చాలా పని చేసినట్టు కనిపించేది. ఓసారి రెట్టింపు బలమున్న కొత్త బిళ్లలు వచ్చాయి. సంఖ్య సగానికి తగ్గించాలి. ఆరు ఫైళ్లలో తగ్గించాను. ఏడోది తెరిచేలోపు టీ వచ్చింది.

చీటీలు, మందులు జీపులో వెళ్లిపోయాక, సార్ అలవాటుగా నకళ్లు చదువుతూ ఒకదాని దగ్గర ఆగాడు.

"ఏంది బిడ్డా, నాలుగేండ్ల పొల్లకు రెండు బిళ్లలా?"

"ఏడో ఫైలు సార్... పాత లెక్కే ఉండిపోయింది."

"జల్దీ బండి తియ్."

ఆ ఊరికి ఫోను లేదు. సార్‌ను వెనక ఎక్కించుకుని గంటసేపు అడవి దారిలో మోపెడ్ నడిపాను. నాకు ఒక్క జోకూ తోచని గంట నా జీవితంలో అదొక్కటే.

ఆరోగ్య కార్యకర్త ముత్తక్క ఆ పిల్ల ఇంటి ముందు కూర్చుని ఉంది. ఒక చేతిలో చీటీ, ఇంకో చేతిలో బిళ్లలు.

"ఇచ్చినవా అక్కా?" సార్ బండి దిగకముందే అడిగాడు.

"ఇయ్యలే సారూ. బిళ్ల జూస్తే లావుంది, పొల్ల జూస్తే గింతుంది. ఎవర్నన్న అడిగినంకనే ఇద్దామని కూసున్న. మీ కంప్యూటర్‌కు కండ్లు లేవా ఏంది?"

"అవ్ అక్కా, లేవు. తప్పు మాది."

మాది అన్నాడు. నా వైపు కనీసం తిరగలేదు. తిడితే ఏదో ఒకటి ఎదురు చెప్పేవాణ్ణి. తప్పును ఇలా పంచుకోవడం నా డిప్లొమాలో లేదు. ఒక్క బిళ్ల వేయించి, ఆ పిల్ల మింగి ముఖం చిట్లించేదాకా ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు.

తిరిగి రాగానే ఏడు ఫైళ్లూ తెరిచాడు. ప్రతిదాంట్లోంచి ఆ ఫంక్షన్‌ను తీసేసి, విడిగా 'మందు' అనే ఒకే ఫైల్లో పెట్టాడు. ఏడింటి తలమీదా ఒక్కో వరుస రాశాడు: 'ఈ ఫైలును పిలువు' అనే గుర్తుగా ఒక చుక్క, పక్కన ఆ ఫైలు పేరు. అంతే, పిలిచిన చోటికల్లా ఫంక్షన్ వచ్చి కూర్చుంది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"ఇగ మార్చేది ఒక్కకాడనే. నువ్వు టీ తాగినా ఫికర్ లేదు," అన్నాడు. తర్వాత ఆ వరుస చివర ఇంకో ముక్క చేర్చాడు. "ఫైలు దొరక్కపోతే స్క్రిప్టు ఆగాలె. చీటీ రావొద్దు."

"చీటీ రాకపోతే ముత్తక్క తిడతది సార్."

"తిట్టనీ. తిట్టే మనిషి బతికున్న పిల్ల దగ్గర్నించే వస్తది."

కొన్నాళ్లకు ఫోల్డర్లు సర్దుతానని నేనే ఆ ఫైలును ఎక్కడో పడేశాను. పొద్దున్నే చీటీల కోసం తానే ఆఫీసుకు వచ్చిన ముత్తక్క, ఖాళీ ప్రింటర్ చూసి గుమ్మంలోంచే అరిచింది: "ఏంది సారూ, ఒక్క చీటీ గూడ రాలే!"

స్క్రీన్ మీద ఒకటే మాట: మందు ఫైలు లేదు.

"రాలేదా?" సార్ ముఖం పండగలా వెలిగింది. "మంచిగైంది! మస్తు మంచిగైంది!"

ముత్తక్క నా వైపు వంగి, "గీయనకు గూడ జరమొచ్చిందా?" అంది.

ఇప్పుడు నేను పెద్ద ఊళ్లో, పెద్ద ఆఫీసులో పని చేస్తున్నాను. నేను రాసే ప్రతి స్క్రిప్టూ ముందు ఇంకో ఫైలును పిలుస్తుంది. అది పలకకపోతే అక్కడే ఆగిపోతుంది. "నీ ప్రోగ్రాములు చిన్నదానికే మొండికేస్తాయేంటయ్యా?" అని పైవాళ్లు విసుక్కుంటారు. ఆ మాట వినబడినప్పుడల్లా సార్ నా భుజం తట్టినట్టుంటుంది. బయటికి మాత్రం సారీ చెబుతాను.